తెర మీది వేగం

సిరిసిల్ల,
ఆగస్టు 15, 2025

కాకా,

నిన్న గురువారం పొద్దున పదిన్నరకు కోరుట్ల అవతలి బీడులో మా డ్రోన్ పడిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. పక్కనున్న మక్క చేనులో పడింది. రెక్క రెండు ముక్కలైంది, ముక్కు నలిగింది, ఇంజను మాత్రం బాగుంది.

ఫోన్ చేయవచ్చు. కానీ హాస్టల్లో ఉన్నప్పుడు, ఏడుపొచ్చే సంగతి ఏదున్నా కాగితం మీద పెట్టమని నువ్వే అలవాటు చేశావు. అలా పెడితే జరిగింది వేరు, మనం అనుకున్నది వేరు అవుతాయన్నావు. అందుకే రాస్తున్నాను. విలేకరిగా నీ వార్తలు ఒకప్పుడు పేపరాఫీసుకు పోయినట్టే ఇది కూడా బస్సు కవర్లో వస్తుంది.

జూన్‌లో నువ్వు ఇక్కడి మా డ్రోన్ల షెడ్డు మీద రాసినప్పుడు ‘నిలువుగా లేచి అడ్డంగా పోయే యంత్రం’ అన్నావు. అంతకంటే బాగా నేను చెప్పలేను. లేచేటప్పుడు రెక్క, దానికున్న నాలుగు పంకాలతో సహా ఆకాశం వైపు నిలబడుతుంది. ముందుకు పరుగందుకున్నాక రెక్క మెల్లగా పడుకుంటుంది. అప్పటి నుంచి అది విమానం. పొట్టలోని పెట్రోలు ఇంజను కరెంటు తయారు చేస్తుంది. లేవడానికి కావలసిన అదనపు బలం బ్యాటరీ ఇస్తుంది. రన్‌వే అక్కర్లేదు, దూరం పోతుంది. వరదప్పుడు గోదావరి గట్టును చూసి రావాలన్నా, తెగిన రోడ్డు మీదుగా మందుల పెట్టె చేర్చాలన్నా ఇలాంటిదే కావాలి. రెక్క తిరిగే పద్ధతి నేను రూపొందించింది.

నిన్న అది నలభై మీటర్లు లేచింది. పరుగందుకోకముందే రెక్క పడుకుంది. వేగం లేని రెక్క ఉత్త పలక. కాబట్టి పడింది.

షెడ్డు యజమాని విశ్వజిత్ గారు షామియానా కింద ఉన్నారు. బ్యాటరీల వాళ్ళిద్దరూ జీపు దగ్గర ఉన్నారు. రిమోట్ అంజి చేతిలో ఉంది. సారంగాపూర్ అంజి, పొలాలకు మందు కొట్టే డ్రోన్లు నడిపి, లైసెన్సు తీసుకుని మా దగ్గర చేరినవాడు. రెక్కను మధ్యలో ఆపే మీట ఒకటి అతని దగ్గర ఉంటుంది. అది ఆలస్యంగా నొక్కాడని అంటున్నారు. వేగం చూపే తెర చూడలేదని కూడా అంటున్నారు. సాయంత్రమే అతన్ని ఇంటికి పంపించారు.

సెప్టెంబరు తొమ్మిదిన యంత్రాన్ని పరీక్షించడానికి హైదరాబాద్ నుంచి పరిశీలకులు వస్తున్నారు. పైలట్ తప్పయితే, పైలట్‌ను మార్చి రెండో యంత్రంతో పోవచ్చని అంటున్నారు. యంత్రం తప్పయితే ఆ పరీక్ష పోతుంది. ఆ తరువాత షెడ్డు నడుస్తుందో లేదో తెలియదు.

పడిందని రాయి కాకా. ఎందుకు పడిందో ఇప్పుడే రాయకు.

ప్రీతి


జగిత్యాల,
ఆగస్టు 19

బిడ్డా ప్రీతీ,

నీ కవరు శనివారం మధ్యాహ్నం అందింది. వార్త శుక్రవారం పొద్దున పేపర్లోనే వచ్చింది. జగిత్యాల పేజీ సిరిసిల్లకు రాదు కాబట్టి నువ్వు చూసి ఉండవు. కత్తిరించి పంపుతున్నాను. ఐదు లైన్లు. ఆఖరిది చదువు: ‘పైలట్ పొరపాటే ప్రమాదానికి కారణమని సంస్థ వర్గాలు తెలిపాయి.’

ఆ వర్గాలు అంటే ఫోన్లో విశ్వజిత్ ఒక్కడే. అంజికి నేను ఫోన్ చేయలేదు. కొత్తగా వచ్చే విలేకరులకు నేను చెప్పేది ఒకటే, ఇద్దరు చెప్పందే రాయవద్దని. ఈసారి రాశాను. ఎందుకో నీకు తెలుసు. పైలట్ పొరపాటు అంటే రెక్క పొరపాటు కాదు.

నిన్న ఆఫీసుకు లసుమవ్వ వచ్చింది. అంజి తల్లి. ఆ పేపరు ముక్కను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని తెచ్చింది.

“సారూ, నా కొడుకు మిషిన్ పడగొట్టిండని రాసినవట. నువ్వు చూసినవా?”

“లేదవ్వా. కంపెనీ వాళ్ళు చెప్పిండ్రు.”

“కంపెనోళ్ళు చెప్తే రాస్తవు. నేను చెప్తే రాస్తవా?”

“చెప్పు.”

“వాడు తాగడు. గది రాయి.”

“గది వార్త కాదవ్వా.”

“మరి గిది వార్తనా?” అని సంచి బల్ల మీద పెట్టింది. “పొలాలకు మందు కొట్ట పిలుస్తలేరు. విమానం పడగొట్టినోడు మా వరి మీద గూడ పడగొడ్తడని నగుతుండ్రు. వాన్నడిగితే నోరు తెరుస్తలేడు. ఏం జరిగిందిరా అంటే, చెప్పేటోళ్ళు చెప్తరు తీయే అంటడు. ఎవలు సారూ ఆ చెప్పేటోళ్ళు?”

చాయ్ తెప్పించాను, ఆమె తాగలేదు.

నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ‘అంటున్నారు’ అని మూడుసార్లు ఉంది. ఎవరు? విశ్వజిత్ ఎక్కడున్నాడో రాశావు. బ్యాటరీల వాళ్ళు ఎక్కడున్నారో రాశావు. నువ్వు ఎక్కడ నిలబడ్డావో రాయలేదు. తెర మీద ఏముందో రాయలేదు. నలిగిన ముక్కులో ఏం కనిపించిందో రాయలేదు. అన్నీ రాసే పిల్లవు. కావాలనే వదిలేసి ఉంటావు.

జవాబు బస్సు కవర్లోనే పంపు.

కాక
దేవదాస్


కోరుట్ల,
ఆగస్టు 24

కాకా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. నా రిపోర్టు విశ్వజిత్ గారికి గురువారమే ఇచ్చాను. ఈ వరుస గుర్తుపెట్టుకో. నువ్వు అడిగినందుకు చెప్పానని ఎవరూ అనకూడదు, నువ్వు కూడా.

నేను అంజి పక్కనే నిలబడ్డాను. యంత్రం పైకి లేచాక అతను అన్నాడు, “మేడం, తెర మీద ఆకుపచ్చ అచ్చింది గని మిషిన్ నిలవడ్డకాడ్నే ఉన్నట్టుంది. ఆపాల్నా?” ఆకుపచ్చ అంటే రెక్క పడుకోవడానికి సరిపడా వేగం ఉందని అర్థం. సగంలో ఆపడం కూడా ప్రమాదమే కాబట్టి, ఆకుపచ్చ వచ్చాక మీట ముట్టవద్దని నియమం నేనే పెట్టాను. “తెర చూడు” అన్నాను. అతను తెర చూశాడు. రెక్క పడుకుంది.

ఇక ముక్కులో ఏం కనిపించిందో చెబుతాను. పెన్ను రీఫిల్ అంత సన్న గొట్టం ఒకటి ముక్కు నుంచి ముందుకు పొడుచుకుని ఉంటుంది. ఎదురుగాలి అందులో దూరే ఒత్తిడిని బట్టి యంత్రం తన వేగం తెలుసుకుంటుంది. మర్నాడు పొద్దున ఆ గొట్టంలో గుండుసూది పెట్టి తిప్పితే తడి దూది నూగు బయటికొచ్చింది. ఎర్రది.

ఆ ఎరుపు మన ఇంటిదే. పురుగూ దుమ్మూ పోకుండా, నేల మీద ఉన్నంతసేపు గొట్టానికి తొడుగు వేస్తాం. బజార్లో రెగ్జిన్‌ది దొరుకుతుంది. నేనే వద్దన్నాను. సిరిసిల్ల తువ్వాల బట్ట తెచ్చి అమ్మతో నాలుగు కుట్టించాను. నువ్వు జూన్‌లో ‘తొడుగు కూడా సిరిసిల్లదే’ అని హెడ్డింగు పెట్టావు. ఆ తరువాత షెడ్డుకు ఎవరొచ్చినా విశ్వజిత్ గారు దాన్ని తీసి చూపించి మళ్ళీ తొడిగేవారు. అలా రాపిడికి నూగంతా గొట్టంలో చేరింది. పద్నాలుగున తుంపర పడింది. నూగు తడిసి బిరడా అయింది. మొదట మా షెడ్డులో మగ్గాలు నడిచేవి. మా అందరి జుట్టులో నూగు ఉంటుంది. కళ్ళ ముందున్నది ఎవరికీ కనిపించలేదు.

బిరడా పడితే గొట్టంలో నేల మీది ఒత్తిడే ఉండిపోతుంది. పైకి పోయినకొద్దీ బయట ఒత్తిడి తగ్గుతుంది. ఆ తేడానే వేగమని యంత్రం నమ్ముతుంది. ఉన్నచోటనే నిలబడి, పరుగెత్తుతున్నాననుకుంది.

ఇది నాకు పదిహేనో తేదీనే తోచింది. నీకు రాయలేదు. ఒక్క రుజువుతో రాయవద్దని నేర్పింది నువ్వే. రెండో రుజువు కోసం బుధవారం కొండగట్టు వెళ్ళాను. అంజి ఇప్పుడు వాళ్ళ బావ ఆటోను నడుపుతున్నాడు. అతన్నే రమ్మన్నాను. ఇంకో గొట్టానికి అదే రకం తొడుగు వేసి, రాపిడి పెట్టి, నీళ్ళు చల్లి, తెరతో సహా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆటో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నకొద్దీ అంకె పెరిగింది. పైన గుడి దగ్గర ఆపాడు.

“ఎంత చూపెడ్తుంది మేడం?”

“నూట యాభై.”

“నిలవడ్డ ఆటో నూట యాభై పోతుందా? మా బావకు చెప్తే రేటు పెంచి అమ్ముతడు.”

నేను నవ్వలేదు. అతనే మళ్ళీ అన్నాడు, “గా దినం గీ తెరనే చూడుమన్నవు.”

“నిజమే, నేనే చూడుమన్న. నువ్వు ఎవరికీ ఎందుకు చెప్పలే?”

“నాకేం ఎరుక మేడం, అనుమానం అచ్చింది, అడిగిన, అంతే. నేను చెప్తే నీ మీదికి తోస్తున్న అంటరు. నువ్వే చెప్తవని చూస్తున్న. వారం సంది చూస్తున్న. మా అవ్వ నన్ను తిన్నది.”

ఇంతలో కోతి ఒకటి వచ్చి ఎర్ర తొడుగు ఎత్తుకుపోయింది. “సాక్ష్యం పాయె” అన్నాడు. ఇంకా మూడున్నాయని చెప్పాను.

రిపోర్టులో అన్నీ రాశాను. తొడుగు ఎంపిక నాదని, ‘తెర చూడు’ అన్నది నేనని, వేగానికి ఒక్క గొట్టం మీదే ఆధారపడటం డిజైన్ లోపమని, అంజి నియమం తప్పలేదని. విశ్వజిత్ గారు నిలబడే చదివారు.

“గిది మీదికి పంపితే సెప్టెంబర్ పరీక్ష పాయె, ప్రీతీ.”

“పోతది సార్.”

“మా తాత పురుషోత్తం రావు భూమి అమ్మి పెట్టిన షెడ్డు గిది. నాకు రెండు దినాలు టైమియ్యి.”

సొరుగులో పెట్టారు. రెండు రోజులు నిన్నటితో అయిపోయాయి. ఇవాళ అమ్మ దగ్గరికి వచ్చాను. తొడుగు సంగతి చెప్పాను. ఒక్కటే అంది, “అంజి వాళ్ళ అవ్వకు మొగం ఎట్ల సూపెడ్తవే?”

రేపు కూడా రిపోర్టు సొరుగులోనే ఉంటే, దాని నకలు నేనే పరిశీలకులకు పంపిస్తాను. ఆ మాట విశ్వజిత్ గారికి చెప్పే వచ్చాను. అప్పుడు నా ఉద్యోగం ఉండదు. నీకు తెలియాలని రాస్తున్నాను, సలహా కోసం కాదు.

ప్రీతి


జగిత్యాల,
ఆగస్టు 30

బిడ్డా,

సోమవారం నీ ఉత్తరం అందగానే బస్సెక్కి కోరుట్లలో విశ్వజిత్ ఇంటికి వెళ్ళాను. రిపోర్టు మంగళవారం పోయిందని నువ్వు ఫోన్లో చెప్పావు కానీ ముందు రోజు అక్కడ జరిగింది నీకు తెలియదు.

“దేవదాస్ గారూ, రిపోర్టర్‌గ వచ్చిండ్రా, ప్రీతి బాబాయిగ వచ్చిండ్రా?” అని అడిగాడు.

“రిపోర్టర్‌గనే. బాబాయిగ అయితే మొన్నటి వార్త నేను రాయనేవద్దుండె. పైలట్ తప్పని ఫోన్ల చెప్పింది మీరు. అచ్చేసింది నేను. నాది నేను మార్చుకుంట. మీది మీరు మార్చుకుంటరా లేదా, గది చెప్పుండ్రి. ఏది చెప్తే గదే రాస్త.”

అతను చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం అతనికి నిజంగానే అలా అనిపించింది. అనిపించింది నమ్మడానికి అందరికీ ఏదో ఒక కారణం ఉంది, నాకు ఉన్నట్టే.

“వచ్చినోళ్ళందరికీ తొడుగు తీసి చూపెట్టింది నేను” అన్నాడు చివరికి. “ఆ హెడ్డింగ్ ఫ్రేం కట్టించిన గూడ. అగో, గోడకున్నది.”

ఉంది. నా పేరుతో సహా.

“పంపిస్త” అన్నాడు. “మీ అమ్మాయి బెదిరించిందని కాదు. ఆమె రిపోర్టుల తన పేరు మూడుసార్లు రాసుకున్నది, నాది ఒక్కసారి రాయలే. గది చదువుకుంట ఎట్ల కూసోవాలె?”

సవరణ ఇవాళ వచ్చింది. పూర్తిగా ఇదీ:

‘కోరుట్ల డ్రోన్ ప్రమాదానికి పైలట్ పొరపాటు కారణమని ఆగస్టు 15 సంచికలో రాశాం. అది తప్పు. వేగం కొలిచే గొట్టం మూసుకుపోవడం, ఆ ఒక్క కొలత మీదే యంత్రం ఆధారపడటం కారణాలని సంస్థ నివేదిక తేల్చింది. పైలట్ అంజి నిబంధనల ప్రకారమే నడుచుకున్నారు. ఆయన వివరణ తీసుకోకుండా వార్త ప్రచురించినందుకు విచారిస్తున్నాం. డ్రోన్ డిజైనర్ ఈ విలేకరి అన్న కూతురు. జూన్ కథనంలోనే ఈ మాట చెప్పి ఉండవలసింది.’

ఆఖరి రెండు వాక్యాలు తీసేద్దామని డెస్కులో అన్నారు. తీస్తే నా పేరు కూడా తీసేయమన్నాను. ఉంచారు.

పేపరు పట్టుకుని నేనే సారంగాపూర్ వెళ్ళాను. అంజి చదివి వినిపించాడు. లసుమవ్వ పేపరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“గప్పుడు మీదేసినవు. గిప్పుడు కిందేసినవు.”

ఆమె చెప్పింది నిజం. మొదటి వార్త పేజీ పైన వచ్చింది, సవరణ అడుగున. నేను డెస్కుకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

ఈసారి మాత్రం చాయ్ ఆమె పెట్టింది.

దేవదాస్


సిరిసిల్ల,
నవంబరు 2

కాకా,

రెండు నెలలు నీకు రాయలేదు. రాయడానికి రుజువులు కావాలి కదా. ఇప్పుడున్నాయి.

మొన్న గురువారం కోరుట్లలో కొత్త యంత్రం లేచింది. రెక్క పడుకుంది. పడుకున్నాక చేను దాటి, చెరువు దాటి, తిరిగి వచ్చి రెక్క నిలబెట్టుకుని బయలుదేరిన చోటే దిగింది.

సెప్టెంబరు పరీక్ష పోయింది, అనుకున్నట్టే. కానీ రిపోర్టు చదివిన పరిశీలకులు యంత్రాన్ని మార్చి తెమ్మన్నారు. తమకు అందే ప్రమాద రిపోర్టుల్లో డిజైన్ చేసినవాళ్ళు తమ పేరు రాసుకున్నది మొదటిసారి చూశామని వాళ్ళలో ఒకావిడ విశ్వజిత్ గారితో అన్నదట. ఆయన ఆ మాట షెడ్డులో అందరి ముందూ చెప్పారు. ఈసారి ఫ్రేం కట్టించవద్దని బతిమాలాను.

ఏం మార్చానో విను. ఇప్పుడు గొట్టాలు రెండు, ఒకటి ముక్కుకు, ఒకటి రెక్క కొసకు. పైగా ఉపగ్రహం లెక్క చెప్పే వేగం ఒకటి. మూడింటిలో కనీసం రెండు ఒప్పుకుంటేనే రెక్క కదులుతుంది. ఒక్కటే చెబితే ఎంత గట్టిగా చెప్పినా నమ్మదు. ఇద్దరు చెప్పందే రాయవద్దని నువ్వు కొత్త విలేకరులకు చెబుతావే, అదే రెక్కకు నేర్పాను. డ్రాయింగులో ఆ భాగానికి పేరు పెట్టాలి. ‘కాక’ అని పెట్టాను. షెడ్డులో అందరూ అలాగే అంటున్నారు. “కాక ఒప్పుకుంటలేడు, ఆగుండ్రి” అని అంజి అరుస్తుంటే వినాలి నువ్వు.

అంజి ఊరికే రాలేదు. విశ్వజిత్ గారు స్వయంగా సారంగాపూర్ వెళ్ళి అడిగారు. అప్పుడు కూడా షరతు పెట్టాడు. మీట నొక్కితే తెరను అడగకుండా రెక్క ఆగాలి, ఆగిన చోటు నుంచి యంత్రం దానంతటది నిలువుకు రావాలి. అది అమర్చడానికే ఎక్కువ కాలం పట్టింది. పైలట్‌కు అనుమానం వస్తే దానికి విలువ ఉండాలన్నది నేను మొదట్లోనే ఆలోచించవలసిన సంగతి.

అమ్మ కొత్త తొడుగులు కుట్టింది. ఇప్పుడు కూడా సిరిసిల్ల బట్టే, కాకపోతే నూగు రాలని పాలిస్టర్. అంచులు అగరొత్తితో కాల్చి మూసింది. “వంక పెడ్తే బట్టకు పెట్టుండ్రి, నా కుట్టుకు పెట్టకుండ్రి” అని చెప్పి పంపింది. ఎవరైనా వచ్చి తీసి చూపించమంటే అంజి ఒప్పుకోవడం లేదు. “చూసుడు కండ్లతోని, చేతులతోని గాదు” అంటున్నాడు.

మొన్న రెక్క పడుకునేటప్పుడు నేను తెర చూడలేదు కాకా. పైకి చూశాను. నాలుగు పంకాల మోత ఒక్కసారిగా సన్నబడింది. బరువు పంకాల మీద నుంచి రెక్క మీదికి మారినప్పుడు అలా అవుతుంది. ఆ చప్పుడు కాగితం మీద మూడేళ్ళ కిందట లెక్క వేశాను. వినడం అదే మొదలు. అంజి రిమోట్ మీద నుంచి ఒక చెయ్యి తీసి, బొటనవేలు నాకు చూపించి, మళ్ళీ పెట్టేశాడు.

పరీక్ష తేదీ వచ్చింది. నీకు ఆఫీసు ద్వారా కూడా తెలుస్తుంది కానీ ముందు నేనే చెబుతున్నాను. పద్దెనిమిదిన. వస్తావా?

ప్రీతి


జగిత్యాల,
నవంబరు 10

బిడ్డా ప్రీతీ,

వస్తాను. కానీ రాయను. మా వాళ్ళకు రాతపూర్వకంగా చెప్పాను. లేచినా పడినా కోరుట్ల విలేకరి రాజేశం రాస్తాడు. నీకూ విశ్వజిత్‌కూ అంజికీ విడివిడిగా ఫోన్ చేస్తాడు. ముగ్గురూ జవాబు చెప్పండి. నేను చెప్పానని తగ్గించి చెప్పకు, పెంచి చెప్పకు.

ముప్పై ఏళ్ళలో నా పేరు చాలా వార్తల కింద వచ్చింది. ఒక యంత్రం లోపల పెట్టడం ఇదే మొదలు. మా వదినెకు, అంటే మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. సత్యవ్వ వదినె నవ్వి, “నువ్వు గూడ ఇద్దరు చెప్పందే ఏదీ నమ్మవు గద, సరిగ్గనే పెట్టింది” అంది.

గర్వం అన్న మాట నేను వార్తల్లో వాడను. అది చదివేవాళ్ళకు రావలసింది, రాసేవాడు పెట్టవలసింది కాదు. ఇది వార్త కాదు కాబట్టి ఒకసారి వాడుతున్నాను. అది మొన్న యంత్రం ఎగిరినందుకు కాదు. ఆగస్టులో నా ఉత్తరం నీకు శుక్రవారం అందింది, నీ రిపోర్టు విశ్వజిత్ చేతికి గురువారమే పోయింది. దానికి.

లసుమవ్వకు పద్దెనిమిది సంగతి, మందుల పెట్టెతో యంత్రం వాళ్ళ ఊళ్ళోనే దిగే సంగతి చెప్పాను. కోరుట్లకు రమ్మంటే రానంది. “లేసుడు నాకెందుకు? దిగుడు చూస్త. పెట్టె నా చేతికియ్యమను” అంది. పెట్టె ఆరోగ్య కేంద్రం నర్సుకు ఇవ్వాలని చెప్పాను. “అయితే ఆమె పక్కపొంటి నిలవడ్త. నువ్వు గూడ నిలవడు. ఈసారి చూసినవా అని నేనడగను” అంది. కాబట్టి నేనూ కోరుట్లకు రావడం లేదు. దిగే చోటే ఉంటాను.

నవంబరు 18, మంగళవారం. పొద్దున ఏడున్నరకు కోరుట్ల బీడు నుంచి, రిమోట్ అంజి చేతిలో, పాముకాటు మందుల పెట్టెతో లేస్తుంది. ఎనిమిది గంటలకు సారంగాపూర్ బడి మైదానంలో దిగాలి. లసుమవ్వ, నేను ఏడుకే అక్కడ ఉంటాం.

కాక